వెదుళ్లతో కట్టిన ఆర్గను

మన పల్లెలలో హార్మోనియము నెఱుగని పెద్దలు లేరు. పద్యనాటకము లాడు రాత్రి పెట్రోమాక్సు దీపముల వెలుగులో మెట్లపై వ్రేళ్లు పరుగెత్తించుచు, రాగము తీయు నటునకు శ్రుతి నందించు వాద్యకారుని మీరందఱును చూచియే యుందురు. భజనమందిరములలో నేటికిని ఆ పెట్టె కానవచ్చును. ఇంత ప్రచారము గల వాద్యమునకు మన రేడియోలో మాత్రము 1940 మొదలు 1971 వఱకు ప్రవేశము లేకుండెను. మన గమకములు దానియందు పలుకవని ఆనాటి వారి వాదము. ఆ తగవు అట్లుండనిండు.

హార్మోనియము పుట్టినది మన దేశమున గాదు. 1840 ప్రాంతమున పారిసు నగరములో దెబాయిను అను శిల్పి దానిని రూపొందించెను. పెద్ద ఆర్గను కొనుటకు శక్తి చాలని చిన్న చర్చిలును గృహస్థులును దానిని కొని వాడుకొనిరి. అనగా మన హార్మోనియము ఒక మహావాద్యమునకు బదులుగా వచ్చిన చిన్న వాద్యము. ఆ మహావాద్యమును గూర్చియే నేను నేడు మాటలాడ దలచితిని. లోకమున ఆర్గనులు వేలకొలదిగా నున్నవి. వానిలో నేను ఎన్నుకొన్నది ఒక్కటి. ఫిలిప్పీను దీవులలో, లాస్ పిన్యాసు అను నూరి చర్చిలో, వెదుళ్లతో కట్టిన ఆర్గను. వెదురు మన యింటి వస్తువు గనుక ఆ వాద్యపు పుట్టుపూర్వోత్తరములు మనకు సులభముగా మనసున కెక్కునని నా నమ్మకము.

ముందుగా ఆర్గను పలుకు విధము చెప్పవలెను. మన వేణువు ఒక్క గొట్టమే. దాని రంధ్రములను వ్రేళ్లతో మూయుచు తెఱచుచు స్వరములన్నిటిని ఆ యొక్క గొట్టమునుండియే రాబట్టుదుము. ఆర్గనులో అట్లు గాదు. స్వరమున కొక గొట్టము చొప్పున వరుసగా నిలిపి యుందురు. పొడవైన గొట్టము మంద్రమున పలుకును, పొట్టిది తారమున పలుకును. గొట్టము పొడవు సగమైనచో స్వరము ఒక స్థాయి పైకి పోవును. ఇట్టి వరుసలు ఒకటి గాదు, పది యిరువది యుండును. ఒక్కొక్క వరుసకు ఒక్కొక్క కంఠము. ఏ వరుస పలుకవలెనో నిర్ణయించుటకు లాగుడుమరలు కలవు. హార్మోనియము ముందుభాగమున మీరు చూచు స్టాపులు వాని సంతతియే.

ఇన్ని గొట్టముల నూదువా రెవరు? కమ్మరి కొలిమికడ తిత్తిని చూచితిరి గదా. అట్టి తిత్తులే యింకను పెద్దవి, వాద్యమునకు గాలి నిచ్చును. పూర్వము వానిని పని చేయించుటకు వేఱుగా ఒక మనిషి యుండెడివాడు. నేడు చాలచోట్ల ఆ పనిని విద్యుచ్ఛక్తి చేయుచున్నది. తిత్తి గాలి ఒక మూసిన పెట్టెలో నిండి నిలుచును. గొట్టములు ఆ పెట్టెమీద నాటబడి యుండును. వాయించువాడు మెట్టు నొక్కగానే దానికి చెందిన చిన్న తలుపు తెఱచుకొనును, గాలి గొట్టములో దూరును. వ్రేలు తీయగానే తలుపు మూతపడును. మనుష్యుని యూపిరి తెగును గాని తిత్తి యూపిరి తెగదు. కావున స్వరమును ఎంతసేపైనను ఒకే బలముతో నిలుపవచ్చును. చర్చివారు ఈ వాద్యమును ఆదరించుటకు ఇది ముఖ్యకారణమని నే ననుకొందును. నూఱుమంది కలిసి పాడునపుడు వారి స్వరములను మోయగల నాదము కావలెను గదా.

గొట్టములలో రెండు జాతులున్నవి. ఒకటి వేణువు జాతి. పిల్ల లూదు ఈలలో వలె గాలి ఒక యంచునకు తగిలి పలుకును. రెండవది సన్నాయి జాతి. సన్నాయికి పీక యెట్లో, ఈ గొట్టము అడుగున పలుచని ఇత్తడి నాలుక అట్లు. గాలికి అది అదరి పలుకును. ఈ భేదమును దయచేసి జ్ఞాపక ముంచుకొనుడు. మన కథలో దీనితో పని యున్నది.

ఈ వాద్యము మిక్కిలి ప్రాచీనము. క్రీస్తుకు పూర్వము 3వ శతాబ్దిలో ఐగుప్తు దేశపు అలెగ్జాండ్రియా నగరములో క్తెసీబియసు అను యంత్రకారుడు నీటి బరువుతో గాలి నొత్తి గొట్టములను పలికించెనట. రోమకులు దానిని వినోదస్థలములలో వాయించుకొనిరి. ఆ కాలమున దానికి చర్చితో సంబంధమే లేదు. క్రీ. శ. 757లో కాన్‌స్టాంటినోపిలు చక్రవర్తి ఫ్రాంకుల రాజగు పెపినుకు ఒక ఆర్గనును కానుకగా పంపెను. పశ్చిమ ఐరోపాలో దీని ప్రతిష్ఠ ఆ కానుకతో హెచ్చెను. తఱువాతి శతాబ్దములలో క్రమముగా ఇది చర్చిలలో స్థిరపడినది. స్పెయిను దేశపువారు 16వ శతాబ్దిలో ఫిలిప్పీను దీవులను ఆక్రమించినపుడు వారి మతముతోపాటు వారి వాద్యమును అచ్చటికి పోయినది.

ఇక మన యూరికి వత్తము. లాస్ పిన్యాసు మనిలాకు దక్షిణమున సముద్రతీరమున నున్నది. నేడది మనిలా మహానగరములో కలిసిపోయిన పట్టణము. 200 ఏండ్ల క్రిందట అది చేపలు పట్టువారును ఉప్పు పండించువారును నివసించు చిన్న పల్లె. మన కోస్తాలో ఉప్పుమళ్ల ప్రక్కనున్న ఊళ్లను తలచుకొన్నచో దాని రూపు మీకు తెలియును.

1795లో ఆ పల్లెకు మొదటి గురువుగా డియేగో సెరా అను నాయన వచ్చెను. ఆయన 1762లో స్పెయినులోని అరగాను సీమయందు, గ్రావుసు అను నూర జన్మించెను. ఆగస్టీనియను రికలెక్టు అను సన్యాసుల సంఘమున చేరి, 1792లో ఫిలిప్పీనులకు చేరెను. ఆయన కేవలము ప్రార్థనలు జరుపు గురువు గాడు. గృహనిర్మాణము తెలిసినవాడు, రసాయనశాస్త్రమున పరిచయము గలవాడు, అన్నిటికి మించి ఆర్గను చేయుట ఎఱిగిన పనివాడు. లాస్ పిన్యాసులోని వాద్యమునకు పూర్వమే మనిలాలో ఆర్గనులు చేసిన యనుభవ మాయనకు గలదు. ఊరివారిని కూడగట్టుకొని రాతిచర్చి కట్టించెను. అది 1819లో ముగిసినది. చర్చి గోడలు లేచుచుండగనే, 1816లో, ఆయన ఆర్గను పనికి పూనుకొనెను.

ఐరోపాలో ఆర్గను గొట్టములను తగరమును సీసమును కలిపిన రేకుతోను, కొన్నిటిని కొయ్యతోను చేయుదురు. సెరా గురువు వెదుళ్లను ఏరెను. ఏల? ఊర వెదురు పుష్కలముగా దొరకును, లోహమునకు ఖరీదెక్కువ, కావున వెదురు వాడెనని కొంద ఱందురు. ఇది కొంతవఱకు సరియే. అయినను ఇదే సమస్త కారణ మని నాకు తోచదు. ఆయన ఈ వాద్యముననే కొన్ని గొట్టములను లోహముతో చేయించెను. కావలసినచోట లోహము సంపాదింపగలిగినవాడే యని దానివలన తెలియుచున్నది. వెదురు నాదము ఆయన చెవికి నచ్చియుండవలె ననియు, ఆ సీమ మనుష్యులకు తెలిసిన వస్తువుతోనే వారి వాద్యమును చేయగోరె ననియు నా యూహ.

వెదురుతో చిక్కులు మీకు నేను చెప్పవలెనా? నఱికిన వెదురును అట్లే యింటి కప్పున వేసినచో ఏడాది తిరుగకమునుపే పుచ్చుపట్టి పిండి రాలును. వెదురు కండలోని తీపిపదార్థమును పిండిపదార్థమును పురుగున కాహారము. అందులకే మనవారు వెదుళ్లను చెఱువునీట నానవేసి, ఆ సారము పోయిన పిమ్మట ఆఱబెట్టి వాడుదురు. సెరా గురువు చేసినదియు ఇట్టి యుపాయమే. నఱికించిన వెదుళ్లను సముద్రపుటొడ్డున ఇసుకలో పాతిపెట్టించి, నెలల తరబడి అట్లే యుంచెను. ఉప్పుతేమ వాని కండలో దిగెను. తీసి చూచునాటికి పురుగు ముట్టకుండ నిలిచినవానినే ఆయన పనికి తీసికొనెను. చెడినవి పోగా మిగిలినవి ఉత్తమమైనవని వేఱే పరీక్ష అక్కఱలేకపోయినది. ఆ నాటి గొట్టములలో పెక్కులు నేటికిని పలుకుచున్న వనిన, ఆ పరీక్ష ఎంత కఠినమో గ్రహింపుడు.

ఇంకొక చిక్కు. రేకును కావలసిన కొలతకు కత్తిరించి చుట్టవచ్చును. వెదురు మన కొలత వినదు. ఈ స్వరమున కింత బొరియ, ఇంత పొడవు కావలెనన్నచో అట్టి బొంగు దొరకువఱకు వెదకవలెను. ఒక బొంగు మొదట లావు, కొసను సన్నము. లోపల కణుపు కణుపున అడ్డుపొర. ఒక వేణువు చేయువాడే పది బొంగులు చూచి ఒకటి ఏరును. ఈయనకు కావలసినవి తొమ్మిది వందల పైచిలుకు. మొత్తము వాద్యమున 1031 గొట్టములున్నవి. అందు 902 వెదురువి, 129 లోహమువి. ఆ తొమ్మిది వందలును ఒకదానితో నొకటి శ్రుతి కలియవలెను. ఈ పనిలో ఎందఱు ఊరివారు చెమటోడ్చిరో వారి పేళ్లెవరికిని తెలియవు. పేరు నిలిచినది గురువుది మాత్రమే. ఇది ఒక్క లాస్ పిన్యాసులోని సంగతి గాదు లెండు.

1821 నాటికి వాద్యము పలుకసాగెను. కాని ఒక లోప ముండిపోయినది. స్పెయిను ఆర్గనులకు ఒక ప్రత్యేకత కలదు: తుత్తారలవంటి గొట్టములు నిలువుగా గాక, ఫిరంగుల మాదిరి ముందునకు అడ్డముగా పొడుచుకొని యుండును. వాని కంఠము తీక్షణము. చర్చి చివఱి గోడవఱకు దూసికొని పోవును. ఇవి సన్నాయి జాతివి. వేణువు జాతికి వెదురు చక్కగా అమరినది గాని, ఈ జాతి కంఠము వెదురున రాలేదు. సెరా గురువు పట్టుదలకు పోలేదు. వానిని లోహముతోనే చేయించి, 1824లో వాద్యమును పూర్తిచేసెను. అంతయు వెదురే యని చెప్పుకొనవలె నను మోజుకంటె నాదము సరిగా రావలె నను పనివాని బుద్ధి పైచేయి యైనది. ఈ మనుష్యునియందు నాకు గౌరవము కలుగుటకు ఇదియే ముఖ్యహేతువు.

వాద్యము సుమారు 17 అడుగుల యెత్తు. చర్చి వెనుకభాగమున మేడమీద నిలిచియున్నది. మెట్ల వరుస ఒక్కటే. అయినను స్పెయిను పద్ధతిని అది నడుమ రెండుగా విభజింపబడినది. ఎడమసగమునకు ఒక కంఠమును, కుడిసగమునకు వేఱొక కంఠమును పెట్టుకొని, ఒక్క మనిషియే పాటను కుడిచేతను తోడుశ్రుతిని ఎడమచేతను నడుపవచ్చును. ఇందొక వేడుకయు నున్నది. కొన్ని చిన్న గొట్టములు నీటిలో మునిగియుండును. వానికి గాలి విడిచినచో పిట్టలు కిలకిలలాడినట్లు వినబడును. మన తిరునాళ్లలో నీరు పోసి ఊదు మట్టిపిట్ట నెఱిగిన వారికి దీని కిటుకు వెంటనే తెలియును. గంభీరమైన దేవాలయవాద్యములో ఇట్టి బాలవినోద మేల అని అడుగువారు కలరు. పల్లెలో పిల్లలును చర్చికి వత్తురు గదా అని నా సమాధానము.

సెరా గురువు 1832లో మరణించెను. ఆ దీవులు భూకంపములకును తుపానులకును నెలవు. 1863లో మనిలాను కూల్చిన గొప్ప భూకంపము వచ్చెను, 1880లో మఱియొకటి. తుపానులు సరేసరి. చర్చి దెబ్బతినెను, దానితో ఆర్గనును దెబ్బతినెను. ఏండ్ల తరబడి అది మూగపడి యుండెను. 1898లో స్పెయిను ప్రభుత్వము పోయి అమెరికా ప్రభుత్వము వచ్చెను. 20వ శతాబ్ది తొలిభాగమున దాని విలువ గుర్తించిన గురువులును ఊరివారును తమకు చేతనైన మరమ్మతులు చేసి, కొంత పలికించిరి. కాని వాద్యము పూర్వపు స్థితికి రాలేదు.

ఇచ్చట నా స్వంత సంగతి యొకటి చెప్పకుండ ముందునకు పోలేను. మా యూరి భజనమందిరమున మా తాతగారి నాటి హార్మోనియ మొకటి యుండెడిది. నేను మొదట స ప లు పలికించినది దానిమీదనే. తిత్తిని ఎలుకలు కొఱికినవి, రెండు మూడు స్వరములు పలుకుట మానినవి. బాగుచేయించుటకు పట్టణమునకు పంపవలె నని కొందఱు, ఆ డబ్బునకు క్రొత్తది వచ్చు నని కొందఱు అనిరి. రెండవ పక్షమున మాటలాడినవారిలో నేనొకడను. పాతదానిని పాతసామానులవాడు బండిమీద వేసికొని పోయెను. అది యెవరు చేసినది, ఏ యూరినుండి వచ్చినది అని ఇప్పుడు మా మనుమ లడిగిన చెప్పుటకు నాకు తెలియదు. పెట్టె లోపలి పలకమీద ఏదో వ్రాసియుండెడిది. దానిని నేను ఒక్కనాడును చదువలేదు.

లాస్ పిన్యాసువారికి ఇదే ప్రశ్న ఎంతో పెద్దదిగా వచ్చినది. వాద్యమును బాగుచేయవలెనన్న దానిని విప్పి, జర్మనీ దేశమున బాన్ నగరములో నున్న యొహాన్నెసు క్లైసు వారి కార్యశాలకు పంపవలెను. అది 1882లో నెలకొన్న ప్రసిద్ధ ఆర్గను కార్యశాల. ఊరి దేవుని వస్తువును ముక్కలుముక్కలుగా విప్పి సముద్రములు దాటించుట సామాన్యము గాదు. తిరిగి వచ్చునా? వచ్చినను అదే వాద్యమగునా, మఱియొకటి యగునా? మన యూరి రథమును బాగుచేయుటకు విదేశమునకు పంపుదమని ఎవరైనను అనినచో మనము ఎన్ని యడుగుదుమో ఆలోచింపుడు. అయినను 1973లో వారు సాహసించి పంపిరి.

ఇందులో మఱియొక అపాయము దాగియున్నది. ఆ వెదుళ్లు నూటయేబది యేండ్లు ఉక్కతోను తేమతోను నిండిన గాలిలో నుండినవి. జర్మనీలో శీతకాలమున ఇండ్లలోపల నిప్పుసెగ పెట్టుదురు. ఆ గాలి మిక్కిలి పొడిగా నుండును. అట్టి గాలిలో వెదురు చీలును. అంతేగాక గాలి వేడిమిని బట్టి గొట్టపు శ్రుతి మాఱును. గాలి వెచ్చబడిన స్వరము హెచ్చును, చల్లబడిన తగ్గును. చలిదేశమున కూర్చిన శ్రుతి ఉష్ణదేశమున నిలువదు. అందువలన కార్యశాలవారు ఒక గదిని ప్రత్యేకముగా ఏర్పఱచి, దానిలో ఫిలిప్పీనుల వేడిమిని తేమను కల్పించి, ఆ గదిలోనే పని సాగించిరి. వెలుపల జర్మనీ చలి, లోపల లాస్ పిన్యాసు ఉక్క! పనివారు చొక్కాలు విప్పుకొని పనిచేసిరేమో యని నేను నవ్వుకొన్నాను.

పని పద్ధతి యింకను ముఖ్యము. క్రొత్త గొట్టములు చేసి నిలుపుట ఆ పనివారికి కష్టము గాదు. కాని వారు పాతవానిలో బాగుపడగలవానిని బాగుచేసి, ఇక పనికిరానివాని స్థానముననే క్రొత్తవానిని నిలిపిరి. వాద్యపు చరిత్ర దానిలోనే యున్నది. గొట్టము నోరు కోసిన తీరు, ఏ గొట్టము ఏ స్థానమున నిలువవలెనో తెలుపు కొలత, ఇవన్నియు సెరా గురువు చేతివ్రాతవంటివి. నడుమ మరమ్మతులు చేసినవారి చేయి ఏది, మొదటివాని చేయి ఏది అని వేఱుపఱచుట ఆ పనిలో సగము. పాత గొట్టమును పాఱవేసినచో ఆ పుట చినిగిపోయినట్లే.

వాద్య మచ్చట నుండగా ఊర చర్చిని కూడ పూర్వపు రూపునకు తెచ్చిరి. 1975లో ఆర్గను తిరిగి వచ్చెను. ఆ మే నెలలో జర్మనీయుడగు ఒక ఆర్గను విద్వాంసుడు వచ్చి దానిపై మొదటి కచేరీ చేసెను. మఱుసటి యేట, అనగా 1976లో, ఆరంభమైన వెదురు ఆర్గను ఉత్సవము నేటికిని ఏటేట ఫిబ్రవరి మాసమున జరుగుచున్నది. ఇతర దేశముల విద్వాంసులు దానిని వాయించుటకై అచ్చటికి వత్తురు. 2003 నవంబరు 24వ తేదీన ఫిలిప్పీనుల జాతీయ ప్రదర్శనశాలవారు దానిని జాతీయ సాంస్కృతిక నిధిగా ప్రకటించిరి.

ఆ వాద్యపు నాదమును నేను విన్నాను. తుత్తారలు పలికినపుడు ఉలికిపడితిని. అవి నాకు అంతగా నచ్చలేదని దాచకుండ చెప్పెదను. అవి ఆగిన పిమ్మట వెదుళ్లు మాత్రమే పలికినవి. ఆ స్వరము మెత్తగా, కొంచెము గాలి కలిసి, ఏటిగట్టున పసులకాపరి యూదు పిల్లనగ్రోవివలె నుండెను. ఒక్కటి గాదు, ఒకేసారి వందపిల్లనగ్రోవులు. ఐరోపా రాగమే పలికినను ఆ కంఠము మాత్రము మన ఆసియాఖండపు పల్లెదే.

2003, 2004 సంవత్సరములలో వాద్యమునకు మఱల సమగ్రమైన మరమ్మతు అవసరమయ్యెను. ఈమాఱు దానిని ఓడ యెక్కింపలేదు. ఫిలిప్పీను యువకుడొకడు ఆస్ట్రియా, జర్మనీ దేశములకు పోయి ఆర్గను పని నేర్చివచ్చి, లాస్ పిన్యాసులోనే కార్యశాల పెట్టియుండెను. దానికి డియేగో సెరా పేరే పెట్టిరి. గొట్టములను మేడమీదనుండి దింపి, తుడిచి, బాగుచేసి, మఱల నిలిపినవారు ఆ కార్యశాల పనివారే. ఆదివారములందు ఊరివారి ప్రార్థనకు ఆ ఆర్గను నేటికిని పలుకుచున్నది.